పటికకు లొంగని గాటు

సెలూను పెద్దాయనను వీధిలో అందరూ మామయ్య అనే పిలిచేవారు. ముప్పయ్యేళ్ళుగా గడ్డాలు గీస్తున్నా ఎవరికీ నెత్తుటి చుక్క రానివ్వని చెయ్యి ఆయనది. పొద్దున్నే కత్తిని కళ్ళకద్దుకుని, "స్వామీ, ఇవాళ నా ముందు కూర్చునే ప్రతి మెడా నీదే" అనుకున్నాకే గుడ్డ దులిపేవాడు.

ఓ ఆదివారం కుర్చీలో రిటైరైన పోస్టుమాస్టారు కూర్చున్నాడు. ఉద్యోగం వదిలినప్పటినుంచి ఆయనకు మాట తగ్గింది. గడ్డం గీస్తుండగా దవడ కింద సన్నగా గాటు పడింది. మామయ్య పటిక రుద్దాడు, ఆగలేదు. దూది పెట్టి అదిమాడు, ఆగలేదు.

వంతుకోసం కూర్చున్న వడ్రంగి నవ్వాడు. "మామయ్యా, కళ్ళజోడు మార్చే వయసొచ్చింది. లేకపోతే మా మెడలు మాకు దక్కవు."

ఆ మాట మామయ్యకు సూదిలా గుచ్చుకుంది. అయినా గాటు గోరంత కూడా లేదు, మూడో దూది ఉండ మాత్రం తడిసిపోయింది. గుడ్డ జరిపి చూస్తే మాస్టారి మోచేతి దగ్గర వంకాయరంగులో కమిలిన మచ్చలు.

వడ్రంగిని టీ తాగిరమ్మని పంపేసి, మామయ్య మెల్లగా అడిగాడు. "మాస్టారూ, ఏం మింగుతున్నారు?"

"గుండెకిచ్చిన మాత్ర. రక్తం గడ్డకట్టకుండా."

"దాంతోపాటు?"

మాస్టారు అద్దంలోంచి చూపు తప్పించాడు. జేబులోంచి రెండు సీసాలు తీశాడు. ఒకటి చేపనూనె గుళికలు, ఇంకోటి ఏదో ఆకుసారం.

"పొద్దున లేవాలనిపించడం లేదయ్యా. ఒకటే దిగులు. డాక్టరుకి చెబితే పిచ్చంటారేమోనని ఫోన్లో చూసి తెప్పించుకున్నా. ఆకూ నూనే కదా అని రెట్టింపు వేసుకుంటున్నా. ఎవరికీ చెప్పకు."

"నేను చెప్పను. డాక్టరుకి మాత్రం మీరే చెప్పాలి. లేవండి."

ముమ్మరంగా గిరాకీ ఉన్న వేళ షట్టరు దించి, దూది అదిమిపట్టుకునే ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ సీసాలు చూసింది, రక్తం పరీక్ష చేయించింది. "ఇవి ఆ మాత్రకు తోడైతే నెత్తురు ఆగడం కష్టమవుతుంది. ఇది పైన గాటు కాబట్టి కనబడింది. తలలోనో కడుపులోనో అయితే ఎవరు చూసేవారు? ఇవి ఆపండి. గుండెమాత్ర మాత్రం మీ అంతట మీరు మానొద్దు. దిగులుకు వైద్యం ఉంది మాస్టారూ, అది పిచ్చి కాదు."

వీధిలో మాత్రం మామయ్య చెయ్యి వణుకుతోందన్న మాటే మిగిలింది. ఇద్దరు పాతవాళ్ళు పక్కవీధి సెలూనుకు మారారు. అడిగినవాళ్ళకు "వయసయ్యా" అని ఊరుకునేవాడు.

భార్య నొచ్చుకుంది. "అసలేం జరిగిందో చెబితే మీ పేరు నిలుస్తుందిగా?"

"పోతే నాది పేరే కదే. ఆయనది మనసు."

రెండు నెలలు గడిచాయి. మాస్టారు మందులు వాడుతూ, వారానికోసారి డాక్టరుతో మాట్లాడి వస్తున్నాడు. ఓ ఆదివారం బల్లనిండా జనం ఉండగా వడ్రంగి మళ్ళీ కళ్ళజోడు ఊసెత్తాడు. మాస్టారు సబ్బునురగతోనే అతనివైపు తిరిగాడు.

"ఒరేయ్, నెత్తురు ఆగకపోవడం ఆయన చేతి తప్పు కాదు. దిగులుకని నేను మింగిన గుళికలది. అది కనిపెట్టి నన్ను బతికించిన మనిషిరా. రెండు నెలలుగా నా గుట్టు కాపాడి మీ మాటలు పడ్డాడు."

మామయ్య తల వంచుకుని కత్తి తుడుస్తున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. వడ్రంగి లేచి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"మామయ్యా, నేనూ అలాంటి గుళికలే వాడుతున్నా. ఓసారి చూస్తావా?"

"నేను చూసేది గడ్డమేనయ్యా. సీసా డాక్టరమ్మకు చూపిద్దాం. నాతో రా."