అల్ వక్రా రేవు గేటు దాటని సర్వే

సముద్రతీర విధానాలు బోధించడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది, అందులో చివరి నాలుగేళ్లు దోహాలో. సముద్రం దగ్గర గడిపిన రోజుల కన్నా అక్కడికి వెళ్లేందుకు అనుమతి కోసం ఎదురుచూసిన రోజులే ఎక్కువ. నా ఉద్యోగ ఒప్పందం పొడిగించాలంటే ఒక పరిశోధన పత్రం పూర్తి కావాలి. వలలు నిషేధించే నెలల్లో చేపల పడవల వాళ్లు ఎలా బతుకుతారన్నది నా అంశం. మూడు నెలలు తిరిగాక అనుమతి లేఖ చేతికొచ్చింది. ఆ ఆదివారమే బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు మెట్రో ఎక్కాను. రెండు రియాల్‌లు, అరగంట ప్రయాణం. అల్ వక్రా స్టేషన్ బయట టాక్సీ దొరికింది. డ్రైవర్ ఖలీల్ భాయ్‌ది కామారెడ్డి. ఏడున్నరకల్లా రేవు గేటు ముందున్నాం. కాపలాదారు లేఖను రెండుసార్లు చదివి, తల అడ్డంగా ఊపి, "మాఫీ" అన్నాడు, కుదరదని. లేఖలో ఓడరేవు అని ఉందట, ఇది చేపల రేవట. మెసయీద్‌లో ఉన్న ఓడరేవు ఆఫీసుకు వెళ్లమన్నాడు.

"నడువుండ్రి మేడం, పోదాం. గింత దూరమొచ్చి ఉత్తగనే వాపస్ పోతరా?" అన్నాడు ఖలీల్ భాయ్.

అరగంట ప్రయాణానికి అరవై రియాల్‌లయ్యాయి. దారి పొడవునా ఫ్యాక్టరీ గొట్టాలే. ఆఫీసులో మూడున్నర గంటలు కూర్చోబెట్టాక, చేపల రేవు తమ కిందికి రాదని, వక్రా గేటు దగ్గరే అడగమని గుమాస్తా మర్యాదగా చెప్పాడు. అక్కడి నుంచే పంపారన్నాను. "బుక్రా" అన్నాడు. రేపు రమ్మని. యూనివర్సిటీకి ఫోన్ చేస్తే ఈమెయిల్ పెట్టమన్నారు, మూడు పనిదినాలు పడుతుందన్నారు. వెనక్కి వస్తూ దారంతా విసుక్కుంటూనే ఉన్నాను. పాపం, ఖలీల్ భాయ్ అన్నీ విన్నాడు.

పన్నెండున్నరకు రేవు గేటు బయటి కెఫటేరియాలో పరోటా, కరక్ చాయ్ తీసుకుని కూర్చున్నాం. మా తెలుగు విని ఎదురు బల్ల దగ్గర ఉన్నాయన పలకరించాడు. పేరు అప్పలరాజు. "మాది భీమిలి దగ్గరమ్మా. ఆరేళ్లయింది, ఇక్కడ లాంచీ మీద పని" అన్నాడు. నా చేతిలోని కాగితాలేమిటని అడిగితే, సర్వే ప్రశ్నలని చెప్పి మొదటిది చదివి వినిపించాను: నిషేధ కాలంలో మీరు ఏ ప్రత్యామ్నాయ ఉపాధిని ఎంచుకుంటారు?

"ఎంచుకోడానికి నా చేతిలో ఏటుందమ్మా? వీసా ఓనర్ది. వల ఆపీమంటే చేపలు పట్టే తీగ బోన్లు కడతాను. అదీ వద్దంటే పడవకి రంగేస్తాను. ఇంకో చోట పని చేస్తే పట్టుకుంటారు. ఈ ప్రశ్న ఓనర్నడగాలి" అన్నాడు.

రెండో ప్రశ్న మీ పడవ నిర్వహణ ఖర్చు గురించి. "పడవ నాది కాదు కదమ్మా" అని నవ్వాడు. పద్దెనిమిది ప్రశ్నల్లో పద్నాలుగు ఆయనకు వర్తించనే లేదు. వాటిని మూడు కమిటీలు ఆమోదించాయి. రాసింది నేనే.

"గేటోడు ఆపుడే మంచిదైంది మేడం" అన్నాడు ఖలీల్ భాయ్. నిజమే కాబట్టి ఇంకా కోపం వచ్చింది.

మరి ఏం అడగాలని అప్పలరాజునే అడిగాను. "ఆ నెలల్లో వల ఎందుకేయకూడదో మాకెవరైనా చెప్పారా అని అడగండి. ఎవరూ చెప్పలేదు. మా ఊర్లో వేట ఆపితే చేప గుడ్డెట్టే కాలమని చిన్నపిల్లకీ తెలుసు. ఇక్కడ ఓనరు ఆపీమంటాడు, ఆపేస్తాం." ఇక్కడ ఏ చేప కోసం వల ఆపుతారో, అది ఎప్పుడు, ఎక్కడ గుడ్లు పెడుతుందో చాయ్ చల్లారేదాకా చెప్పాను. మధ్యలో ఆపి, పెద్ద చేపలు ఏ వైపు దొరుకుతాయో ఆయనా చెప్పాడు. నా దగ్గరున్న ఏ నివేదికలోనూ లేని మాట అది. కమిటీ ఆమోదించిన ప్రశ్నకు వచ్చిన జవాబు కాదు కాబట్టి పత్రంలో వాడుకోలేను.

కావాలంటే పాత ప్రశ్నలతోనే గట్టెక్కగలిగేదాన్ని. మూడింటికి ఇంటికొచ్చి, ప్రశ్నాపత్రం మళ్లీ రాస్తానని, పత్రం గడువులోగా అవదని విభాగాధిపతికి రాశాను. అంటే మళ్లీ కమిటీ, మళ్లీ లేఖ. మూడేళ్లకు పొడిగించాల్సిన ఒప్పందాన్ని ఒక్క ఏడాదికే పొడిగించారు. ఆ విసుగు ఇప్పటికీ తీరలేదు. కానీ తీరం గురించి తీరానికి దూరంగా కూర్చుని ఇన్నేళ్లు ఎంత ధీమాగా మాట్లాడానో గుర్తొస్తే, ఎవరి మీద విసుక్కోవాలో తేల్చుకోలేకపోతున్నాను.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒక్క మాట: అనుమతికి దరఖాస్తు పెట్టకముందే రేవు బయటి కెఫటేరియాకు వెళ్లండి. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య పడవల వాళ్లు తినడానికి వస్తారు. మీ ప్రశ్నలు వాళ్ల భాషలో చదివి, వాళ్లు ఎక్కడ నవ్వుతారో చూడండి.