వ్యాన్ బాబాయి ఐదు నిమిషాల మౌనం

ఆ గొంతు విన్నవాళ్ళెవరూ వ్యాన్ బాబాయికి హారన్ అవసరమని అనుకోరు. ఇరవై రెండేళ్ళుగా ఆయన బడి వ్యాన్ నడుపుతున్నాడు. వీధి మలుపులో ఉండగానే "రావాలి, రావాలి! ఇంకా బూట్ల దగ్గరే ఉన్నారా?" అని ఒక్క కేక వేసేవాడు. ఆ కేకకి వేరే బడికి వెళ్ళే పిల్లలు కూడా బ్యాగులు తగిలించుకుని గుమ్మాల్లోకి వచ్చేసేవారు. అయితే పిల్లల మీద ఆయన ఏనాడూ చెయ్యి చేసుకుని ఎరగడు. ఆ సంగతి చెప్పుకోవడమంటే ఆయనకి మహా ఇష్టం. అడిగినవాళ్ళకీ చెప్పేవాడు, అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

అలాంటి మనిషికి సెలవుల్లో బడి నుంచి కబురొచ్చింది. పిల్లల రక్షణ గురించీ, వాళ్ళ మీద హింస జరగకుండా చూడడం గురించీ ఆన్‌లైన్లో నాలుగు క్లాసులు పెడుతున్నారట. టీచర్ల దగ్గర్నుంచి తోటమాలి దాకా అందరూ కూర్చోవాలట. క్లాసులు అయ్యాక పెద్ద మేడమ్ సంతకం పెడితేనే బడి తెరిచిన రోజు పనిలోకి రావాలి. సంతకం పడకపోతే వ్యాన్ తాళాలు ఇంకో డ్రైవరుకి ఇస్తారు.

"పిల్లల మీద చెయ్యెత్తని మనిషిని నేను! నాకా పాఠాలు?" అని బాబాయి ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

"ఆ మాటే కాస్త మెల్లిగా అనండి, నేను కూడా ఒప్పుకుంటాను" అంది భార్య, కుట్టు మిషన్ మీంచి తలెత్తకుండా.

ఆ మిషన్ చప్పుడులో ఇంట్లో క్లాసు వినడం కుదరదని తేలింది. బాబాయి గుమ్మం ముందున్న వ్యాన్ ఎక్కి, ఫోన్ని అద్దం కింద నిలబెట్టి, డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కూర్చోగానే అలవాటుగా బెల్టు పెట్టుకున్నాడు. ఎక్కడికీ కదలని బండిలో బెల్టు ఎందుకని ఆయనకి తట్టలేదు, నాలుగు క్లాసులూ అలాగే విన్నాడు.

మొదటి రోజు పాఠం చెప్పే అమ్మాయి చాలా మర్యాదగా, "సార్, మీరు కనిపించడం లేదు. వ్యాన్ పైకప్పు కనిపిస్తోంది" అంది. బాబాయి ఫోన్ సర్దాడు. ఈసారి మీసం ఒక్కటీ కనిపించింది. ఇంకేం సర్దమన్నా ప్రమాదమని ఆ అమ్మాయి మీసంతోనే సరిపెట్టుకుంది.

రెండో రోజు ఆయన వల్ల క్లాసు పది నిమిషాలు ఆలస్యమైంది. తలలు లెక్కపెట్టకుండా బండి కదిలించిన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు. అందుకని తెర మీద ఉన్న గళ్ళన్నీ వేలితో జరుపుకుంటూ లెక్కపెట్టి, "ఆగమ్మాయ్! నిన్న ముప్పై ఎనిమిది మంది. ఇవాళ ముప్పై ఏడే. ఒకరు దిగిపోయారు, చూసుకో!" అని కేకేశాడు. ఫోన్లో చార్జింగ్ లేక మాయమైన తోటమాలి తిరిగొచ్చేదాకా ఆ అమ్మాయిని పాఠం మొదలుపెట్టనివ్వలేదు.

పాఠం మాత్రం ఆయనకి రుచించలేదు. కొట్టకూడదన్నప్పుడు మీసం బాగానే ఊగింది. హింస అంటే చెయ్యి చేసుకోవడం ఒక్కటే కాదనీ, అరుపు కూడా దెబ్బలాగే తగులుతుందనీ అనేసరికి ఊగడం మానేసింది. "ఎవరైనా పిల్లలు ఫిర్యాదు చేస్తే, ఎవరు చెప్పారని ఆరా తియ్యకండి. ముందు వినండి" అంది ఆ అమ్మాయి. బాబాయి అభ్యంతరం చెప్పడానికి చెయ్యెత్తబోయి వ్యాన్ పైకప్పుకి కొట్టుకున్నాడు. ఆ నొప్పిలో ఏం చెప్పాలనుకున్నాడో మరిచిపోయాడు.

అసలు పరీక్ష మూడో రోజు వచ్చింది. ఇద్దరిద్దరిని జతచేసి, ఒకరు పిల్లలుగా, ఇంకొకరు పెద్దవాళ్ళుగా మాట్లాడుకోమన్నారు. పిల్ల ఐదు నిమిషాలు చెప్పాలి. పెద్దవాళ్ళు వినాలి. మధ్యలో "ఊఁ", "చెప్పు", "నాకు చెప్పి మంచి పని చేశావు" అన్న ఈ మూడు మాటలే అనొచ్చు. బాబాయికి జతగా ఎవరు పడ్డారయ్యా అంటే, సంతకం పెట్టవలసిన పెద్ద మేడమే.

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెడితే చాలు, బడి మొత్తం నిశ్శబ్దమైపోతుంది. ఆయనేమో పన్ను పీకించుకుంటూ కూడా డాక్టరుకి సలహాలు చెప్పిన మనిషి. ఐదు నిమిషాలు నోరు మూసుకోవడం ఆయన వల్ల అయ్యే పనేనా?

పెద్ద మేడమ్ ఒక మడత కాగితం విప్పింది. "డ్రైవర్ గారూ, ఇది బడిలో ఫిర్యాదుల పెట్టెలో దొరికింది. పేరు రాయలేదు. ఇవాళ అది రాసినవాళ్ళ తరఫున నేను చదువుతాను. మీరు వినండి" అని మొదలుపెట్టింది.

"నేను వ్యాన్‌లో వస్తాను. బాబాయ్ మంచివాడే. కొట్టడు. కానీ ఆయన అరిస్తే నాకు కడుపులో తిప్పుతుంది. నన్నే కాదు, ఎవరి మీద అరిచినా అంతే. అందుకే పొద్దున్న ఏమీ తినకుండా వస్తాను. తింటే వాంతి అవుతుంది. నాకు పొద్దున్నే ఆకలెయ్యదని అమ్మ అనుకుంటోంది. బాబాయ్‌ని పనిలోంచి తీసెయ్యకండి. అరవొద్దని మాత్రం చెప్పండి."

చదవడానికి నిమిషం కూడా పట్టలేదు. మిగిలిన నాలుగు నిమిషాలూ పెద్ద మేడమ్ ఊరికే ఆయన మీసాన్ని చూస్తూ కూర్చుంది.

"ఎవరు?" అన్న మాట బాబాయి పళ్ళ దాకా వచ్చింది. పంతొమ్మిది మంది పిల్లలు కళ్ళ ముందు వరసగా కదిలారు. నేనా? నా అరుపుకా? ఎవరన్న మాట మింగేసి "ఊఁ" అన్నాడు. కాసేపటికి "చెప్పు" అన్నాడు. ఇంక నోరు ఆగదనిపించి, తల వంచి స్టీరింగుకి ఆనించాడు. హారన్ వీధి అదిరేలా మోగింది. అవతల పెద్ద మేడమ్ ఉలిక్కిపడితే కళ్ళజోడు కిందపడింది.

"నాకు చెప్పి మంచి పని చేశావు" అన్నాడు బాబాయి.

"వినబడలేదు. కాస్త గట్టిగా చెప్పండి" అంది ఆవిడ, కళ్ళజోడు వెతుక్కుంటూ. పుట్టిన దగ్గర్నుంచీ ఆయనతో ఆ మాట అన్నవాళ్ళు లేరు.

ఐదు నిమిషాలూ అయ్యాక ఆవిడే అడిగింది. "ఎవరు రాశారని అడగలేదేం?"

"తెలిస్తే రేపట్నుంచి అద్దంలో ఆ ఒక్క మొహాన్నే చూస్తానమ్మా. నేను చూస్తున్నానని తెలిస్తే ఆ బిడ్డకి ఇంకా తిప్పుతుంది కదా కడుపులో."

నాలుగో క్లాసు కూడా అయ్యాక పెద్ద మేడమ్ సంతకం పెట్టింది. తాళాలు దక్కాయి, కానీ బాబాయికి సంతోషం మాత్రం కలగలేదు. రాసింది ఎవరని ఊహిస్తున్నారని భార్య అడిగితే, పంతొమ్మిది మందిలో ఒకరన్నాడు.

"రాసింది ఒకరు. భయపడేది ఎందరో" అంది ఆవిడ.

బడి తెరిచారు. కేక వెయ్యకూడదు, హారన్ కొట్టకూడదు. ఇక మిగిలిందల్లా బండి ఆపి, దిగి, గేటు దాకా నడిచి, గంట నొక్కి, "అమ్మా, తొందరేం లేదు, వ్యాన్ వచ్చింది" అని చెప్పడమే. పంతొమ్మిది గేట్లు తిరిగేసరికి మోకాళ్ళు పట్టేశాయి. బడికి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ఆ నిశ్శబ్దానికి పిల్లలు బెదిరిపోయారు. "బాబాయ్, ఒంట్లో బాలేదా?" అని ఒకడు అడిగితే, "మానేసి వెళ్ళిపోతున్నావా?" అని ఇంకొకతి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉంది, అందరూ లాయరమ్మ అంటారు. ఆయన ఒక్కటి అరిస్తే తను రెండు తిరగబడి అరిచేది. తన అరుపుల్ని సరదాగా తీసుకునేది ఆ పిల్ల ఒక్కతేనని బాబాయి నమ్మకం. ఆ రోజు మాత్రం ఆ పిల్ల దారి పొడుగునా నోరు మెదపలేదు. సాయంత్రం అందరికంటే చివర దిగేది తనే. మెట్టు మీద నిలబడి, వెనక్కి తిరక్కుండా అడిగింది.

"బాబాయ్, ఈ ఒక్కరోజేనా ఇలా? రేపు కూడానా?"

"రేపు కూడానమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు."

"అయితే రేపు తినేసి వస్తా" అనేసి, దూకి ఇంట్లోకి పరుగెత్తింది.

అంటే ఇన్నాళ్ళూ ఖాళీ కడుపుతో వచ్చి తనతో పోట్లాడిందన్నమాట. బాబాయికి ఏడుపు ఆగలేదు. బండిని ఆ ఇంటి ముందే, నడిరోడ్డు మీద ఉంచేసి, మీసం తడిసేలా ఏడ్చాడు. వెనకాల దారి లేక ఆగిపోయిన లారీ అతను కిందికి దిగి, "ఏమయ్యా, కదులుతావా లేదా?" అని గొంతు చించుకున్నాడు.

బాబాయి కిటికీలోంచి తల బయటపెట్టి, మొహం తుడుచుకున్నాడు.

"మెల్లిగా బాబూ. ఆ ఇంట్లో పిల్ల ఉంది."