పదమూడో చెట్టు

ఆ రోజుల్లో మా వైపు మనుషులు రెండు రకాలు: అడవిని చూసి భయపడేవాళ్లు, తుపాకులతో అడవిలో దాక్కున్నవాళ్లను వెతుక్కుంటూ వచ్చే పోలీసులను చూసి భయపడేవాళ్లు. నేను మూడో రకం. నాకు అడవే సరిగా కనిపించేది కాదు. పది గజాలు దాటితే చెట్టూ గుంజా ఒకటే. అయినా జఫర్‌గఢ్ బడిలో బొమ్మలు బాగా గీస్తానన్న పేరుండేది కాబట్టి అడవుల శాఖ కచేరీలో నక్షాలు గీసే నౌకరీ దొరికింది. చూపు సంగతి ఎవరికీ చెప్పలేదు. (చెబితే నౌకరీ పోతుంది, నౌకరీ పోతే మా బాపు ముఖం చూడాలి. అది మాత్రం నాకు ఎంత దూరం నుంచైనా బాగానే కనిపించేది.)

మా పై అధికారిని అద్దాల సారు అనేవాళ్లం. చిక్కటి అడవికీ పలచటి అడవికీ తేడా చెబుతూ ఆయన ఏదో శాస్త్ర పత్రికకు వ్యాసం రాస్తున్నారు. బొమ్మలు నావి. నేల మీద తాడు పరిచి, దాని వెంట ఉన్న ప్రతి చెట్టునూ పక్క నుంచి చూసినట్టు, మానుతో వేళ్లతో సహా గీయాలి. ఒకటి తగ్గకూడదు, ఒకటి పెరగకూడదు. భూపాలపల్లి దగ్గర డేరాలో చలిజ్వరంతో పడుకుని, "తప్పొస్తే ఇంటికి పో" అని చెప్పి మరీ నన్ను పంపారు.

తోడుగా చౌకీదారు తాత వచ్చాడు. పలచటి అడవిలో మిట్టమధ్యాహ్నం. ఒక్క పిట్ట అరవడం లేదు, ఆకు కదలడం లేదు. ఎవరో నన్నే చూస్తున్నారని వీపు చెబుతోంది. తాత ఒక్కో చెట్టు చుట్టుకొలతను జానలతో కొలిచి కేకేస్తున్నాడు, నేను గీసి కింద అంకె వేస్తున్నాను. పదమూడోది నల్లటి సన్నటి మాను. దాని మొదలు దగ్గర ఏవో బుడిపెలు కనిపిస్తే వేళ్లనుకుని శ్రద్ధగా పెట్టాను. పైన ఆకులు కనిపించలేదు గానీ, సారు తిడతారని నాలుగు గుబుర్లు నేనే వేశాను. "తాతా, దీని కొలత?" అన్నాను. తాత దాని దగ్గరికి పోలేదు. నిలబడ్డ చోటి నుంచే, "మూడున్నర జానలు రాసుకో" అన్నాడు.

మరునాడు పోయి చూస్తే పన్నెండు చెట్లే ఉన్నాయి. పదమూడోది ఉన్న చోట మొద్దు లేదు, గొడ్డలి పడిన గుర్తు లేదు. గడ్డి మాత్రం నలిగి ఉంది.

"నడిసే చెట్లుంటయి పంతులూ," అన్నాడు తాత నేల చూస్తూ. "గట్ల ఎతకకు. జర పని చూసుకో."

మూడో రోజు ఆ చెట్టు మళ్లీ వచ్చింది. ఈసారి నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి, దగ్గింది.

నల్ల గొంగడి కప్పుకున్న మనిషి. గొంగడి కింద నుంచి తుపాకీ కొన కనిపిస్తోంది. "ఏం గీస్తున్నవ్?" అన్నాడు.

"న... నక్షా," అన్నాను. ప్రాణం మీదికి తెచ్చే మాట. మా దగ్గర బొమ్మా నక్షానే, పోలీసులకు దారులు చూపే పటమూ నక్షానే.

"ఎవలకు నక్షా? పోలీసోళ్లకా?"

కాగితం చాపాను. అతను చాలాసేపు చూశాడు. నా ప్రాణం ఆ కాగితం మీదే ఉంది.

"గీ పదమూడోది నేనేనా?"

"చెట్టనుకున్నన్నా. నాకు చూపు ఆనది."

"ఆకులు మంచిగ పెట్టినవ్," అన్నాడు. తర్వాత బొమ్మ మీదికి వంగి మెల్లగా నవ్వాడు. "వేళ్లు గూడ పెట్టినవ్. చిక్కటి అడివిల పండుకోవచ్చు తమ్మీ, పలచటి అడివిల నిలవడాలె." కాగితం నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. చెరిపెయ్యమని కూడా అనలేదు.

సాయంత్రం డేరాకు పోలీసు జమేదారు వచ్చి కాగితాలన్నీ తిరగేశాడు. "అడివిల మనుషులు కనవడ్డరా?"

"చెట్లే కనవడ్డయి సార్," అన్నాను. అద్దాల సారు మాత్రం పదమూడో చెట్టు మీద వేలు పెట్టి, "ఇదేం జాతి?" అన్నారు. తెలియదన్నాను. ఆయన అలాగే రాసుకున్నారు.

వ్యాసం అచ్చయింది. బొమ్మ కింద పన్నెండు చెట్ల పేర్లు, పదమూడోదానికి "జాతి తెలియదు" అని ఉంది. ఆ మనిషి బతికాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఎప్పుడు తుపాకీ మోత విన్నా మనసులో పదమూడు లెక్కపెట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు నాకూ సారుకున్నంత మందపాటి అద్దాలు వచ్చాయి. మొన్న ఆ పత్రిక దుమ్ము దులిపి, మొదటిసారి ఆ బొమ్మను సరిగ్గా చూశాను. చెట్టు మొదట్లో వేళ్లు ఇటు ఐదు, అటు ఐదు ఉన్నాయి. రెండు వైపులా ఒక్కొక్కటి లావుగా ఉంది, దానికి గోరు కూడా గీశాను.