లారీ వెంట లేచిన తొమ్మిది చిలువలు

డెబ్బైల్లో ఒక జులై. మధ్యాహ్నం రెండున్నరకు మా లారీ భూపాలపల్లి దాటి, ఒక అడవి చెరువు ఒడ్డున ఆగింది. ఒకటే వాన. మేం నలుగురు సిపాయిలం. రెండు గుడారాలు, ఒక వైర్‌లెస్ సెట్టు, ముప్పై అడుగుల ఇనుప స్తంభం. అడవిలో తిరిగే సర్వే దళాల మాటను హెడ్‌క్వార్టర్‌కు అందించాలి. నాది నర్మెట్ట. అప్పట్లో రెండూ ఒకే జిల్లా. సొంత జిల్లాలో డ్యూటీ పడిందని పొంగిపోయాను.

మర్నాడు పదింటికి, స్తంభానికి అడ్డున్న ఎండు మద్దిచెట్టు కొట్టేశాం. కూలగానే తొర్రలోంచి ఒక పక్షి ఈల వేస్తూ ఎగిరిపోయింది. లోపల గుడ్లు. రెండు పగిలాయి, తొమ్మిది మిగిలాయి. చెవికి ఆనిస్తే లోపల టిక్కుటిక్కుమంటున్నాయి!

మా డ్రైవర్‌ది గార్ల. "ఆమ్లెట్ ఏసుకుందామే అన్నా" అన్నాడు.

"ముట్టినవంటే చూడు!" అన్నాను.

సాయంత్రం దాకా చూసినా తల్లి రాలేదు. గుడ్లను ఉన్ని మఫ్లర్‌లో చుట్టి, వెచ్చగా ఉండే సెట్టు పక్కన పెట్టాను. తెల్లారి ఐదూ నలభైకి మొదటి పెంకు పగిలింది. ఎనిమిదింటికల్లా తొమ్మిది పిల్లలూ నా బూట్ల చుట్టూ చేరాయి.

చేపలు పట్టే అవ్వ ఒకామె చూసి నవ్వింది. "గవి చిలువ బాతులు బిడ్డా. నిన్నే తల్లనుకుంటున్నయ్. రోజు నీళ్లల్ల దించు, తిండి అయ్యే ఏరుకుంటయ్. గద్దతోని పైలం."

రోజూ ఆరింటికి, మళ్లీ నాలుగింటికి, మోకాలి లోతు నీళ్లలో నిలబడేవాణ్ని. గద్ద నీడ పడితే నా కాళ్ల మధ్య దూరేవి. చూసిందల్లా మెసేజ్ ఫారాల వెనక రాసుకున్నాను. సెట్టులో అవతలి ఆపరేటర్ రోజూ అడిగేవాడు: "తొమ్మిదీ క్షేమమా? ఓవర్."

"క్షేమం. ఓవర్."

నలభై తొమ్మిదో రోజు పోస్టు మూయించడానికి కెప్టెన్ వచ్చాడు. "ఇక్కడున్నది నలుగురు. రోజూ సెట్టులో క్షేమమంటున్న ఈ తొమ్మిది మంది ఎవరు?"

నేను రాసుకున్న కాగితాలు ఇచ్చాను. తనకు తెలుగు రాదని, హిందీలో చదివి వినిపించమన్నాడు. సిగ్గుపడుతూనే పద్నాలుగు పేజీలు చదివాను. కెప్టెన్ మధ్యలో ఆపమనలేదు.

"ఎప్పుడు ఎగురుతాయి?"

"తెలియదు సర్. రెక్కలు కొడుతున్నాయి. లేవలేకపోతున్నాయి."

"రేపు ఏడింటికి కదలాలి. ఆర్డర్ మారదు" అన్నాడు. కాగితాలు తిరిగి ఇస్తూ, "రాయడం మాత్రం ఆపకు" అన్నాడు.

ఆ సాయంత్రం చీకటి పడేదాకా నీళ్లలోనే నిలబడ్డాను. ఎగరలేని పిల్లలను గద్దలకు వదిలి ఎట్లా పోను? "నేను చూసుకుంట తియ్" అంది అవ్వ. అయినా మనసు ఒప్పలేదు.

ఏడింటికి లారీ చెరువు కట్ట మీదుగా కదిలింది. నేను వెనక అంచున కూర్చున్నాను. తొమ్మిదీ నీళ్లలోంచి కట్టెక్కి, ఈలలు వేస్తూ వెంటపడ్డాయి. ఒకటి బోర్లాపడి మళ్లీ లేచింది.

"అన్నా, అద్దంల కనవడుతున్నయ్! ఉరుకుతున్నయే!" డ్రైవర్ అరుపు.

"మెల్లగా పోనీ!" కెప్టెన్ గొంతు.

ముందున్నది లేచింది. దాని వెనక ఇంకోటి. తొమ్మిదీ గాల్లో ఉన్నాయి! నేను పిచ్చివాడిలా కేకలు పెట్టాను. కెప్టెన్ కిటికీలోంచి సగం బయటికి వంగి, టోపీ ఊపుతూ నవ్వుతున్నాడు. నీళ్లు అయిపోయే మలుపు దగ్గర అవి చెరువు వైపు తిరిగిపోయాయి.

మరుసటి వానాకాలం సెలవులో నర్మెట్ట నుంచి అక్కడికే పోయాను. నీళ్లలో నిలబడి పిలిస్తే, గుంపులోంచి రెండు విడిపోయి వచ్చి నా చుట్టూ ఈదాయి. సర్వీసు అయిపోయేదాకా ప్రతి సెలవూ అక్కడే. పదకొండు నోటుబుక్కులు నిండాయి.

ఎన్ని రాసినా కళ్ల ముందు నిలిచేది ఒక్కటే. లారీ పక్కన, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో, ఇటుకరంగు రెక్క ఒకటి కొట్టుకుంటోంది. దాని కాలి నుంచి రాలిన నీటిచుక్క నా మణికట్టు మీద పడింది.