చూపించకుండానే కత్తిరించిన పువ్వు

పెద్ద నోట్లు రద్దయిన ఏడాది, వానాకాలం చివర్లో, మైపాడు రోడ్డులోని ఒక ప్రైవేటు నర్సరీలో ఆర్కిడ్ విభాగానికి బ్రీడర్‌గా చేరాను. నా పని స్లిప్పర్ ఆర్కిడ్‌లను సంకరం చేయడం. కింది రేకు చెప్పు ముందుభాగంలా సంచీ కట్టి ఉంటుంది కాబట్టి వాటికా పేరు. పై రేకు వెడల్పుగా, ముడత లేకుండా నిలబడాలి. పక్క రేకులు వేలాడకూడదు. రంగు నిండుగా ఉండాలి. చల్లటి కొండల మొక్కల చేత నెల్లూరు ఎండలో ఇదంతా చేయించడమంటే ఎవరు విన్నా నవ్వేవారు. జీతం ఇవ్వకపోతే నేనూ నవ్వేవాణ్ణే.

విత్తనం పిండిలా ఉంటుంది. దాన్ని ల్యాబులో, సీసాల్లో మొలిపించే బాధ్యత నూర్జహాన్‌ది. సీసాలోంచి పూతకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. మిగతా ఆర్కిడ్‌ల మాదిరి టిష్యూ కల్చర్‌తో వేలకొద్దీ మొక్కలు చేయడం వీటిలో కుదరదు. మంచి మొక్క దొరికితే అదొక్కటే. పిలకలు వేసేదాకా ఆగాలి, లేదా దానికి కాయ కట్టించి విత్తనం పట్టాలి.

ఐదో ఏడు యజమాని సుధాకరరెడ్డి గారు షెడ్డుకు వచ్చారు. కూలింగుకయ్యే కరెంటు ఖర్చుకు ఆయన విసిగిపోయి ఉన్నారు. ఆ షెడ్డును రొయ్యల మేత గోడౌనుకు అడుగుతున్నారని చెప్పారు. "మీ పని నాకు తెలీదు మూర్తిగారూ. నేను మద్రాసు పోయొచ్చేలోపల ఏదన్నా ఒకటి చూపించండి, చాలు" అన్నారు.

ఆయన వెళ్లిన కొద్దిరోజులకే ఒక మొక్క తొలిసారి పూసింది. నేరేడుపండు రంగు, అంచున తెల్లటి గీత. పై రేకు పళ్లెంలా గుండ్రంగా, చదునుగా నిలబడింది. ఉద్యోగం మొత్తంలో నేను కోరుకున్న పువ్వు అదే. నూర్జహాన్ స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసింది.

తొలిపూతకు కాయ కట్టించకూడదన్నది మా వృత్తిలో నియమం; మొక్క బలమంతా కాయ లాగేస్తుంది. ఆ మాటే అన్నాను. "పిలక లేసేదాకా కూచుంటే షెడ్డే ఉండదు సార్. ఆలస్యం అమృతం విషం. రెడ్డిసారొచ్చేటప్పటికి కాయ చూపిస్తే మేలు గదా" అంది నూర్జహాన్. నాకూ నిజమే అనిపించింది. బ్రీడర్‌కు చూపించదగ్గ ఫలితమంటే కాయే. పద్ధతి ప్రకారం సంచీని కత్తిరించి, పక్క మొక్క పుప్పొడిని సన్నటి పుల్లతో కీలాగ్రానికి పూశాను. వారం తిరక్కుండానే రేకులు వాడి రాలాయి. ముట్టకుండా వదిలేస్తే ఆ పువ్వు నెల దాటి నిలిచేది.

రెడ్డిగారు వచ్చేసరికి కాడ చివర ఆకుపచ్చటి కాయ, చిటికెన వేలంత, ఉంది. దాన్ని అటూ ఇటూ చూసి, "ఇదేనా?" అన్నారు. నేను వివరించబోయాను. ఆయన వినడం లేదు. అప్పుడు నూర్జహాన్ తన ఫోనులో ఆ పువ్వు ఫోటో తెరిచి ఆయన చేతికిచ్చింది. ఆయన చాలాసేపు చూశారు.

"ఇంత పువ్వు పూసుంటే నాకొక మాట చెప్పలేదే. మద్రాసెంత దూరం? ఇది నా కళ్లతో చూసుంటే ఇంకో రెండేళ్లు నడిపుందును. గోడౌనోళ్లకు నిన్ననే మాటిచ్చేసినా" అన్నారు. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

షెడ్డు ఖాళీ చేయడానికి వేసవి దాకా గడువిచ్చారు. కాయ పండింది. చీల్చి చూస్తే అంతా తాలే. ఒక్క గింజా మొలవలేదు. మొక్క కూడా నీరసించి, ఎండలు ముదిరేసరికి కుళ్లిపోయింది. నూర్జహాన్ కావలి దగ్గర అరటి మొక్కల ల్యాబులో చేరింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా మరో నర్సరీలో పనిచేశాను. కొత్త సంకరం ఏది పూసినా, డబ్బు పెట్టిన మనిషి వచ్చి కళ్లారా చూసేదాకా సంచీకి కత్తెర తగలనివ్వలేదు. పూసిన ప్రతి పువ్వునూ అలా చూపించాను. అలాంటి పువ్వు మాత్రం మళ్లీ పూయలేదు.