డ్రోను కింద కొంగులు

కుప్పంలో ఒక పెళ్లికి తొలిసారి బాణసంచాను పైనుంచి తీశాను. అంతవరకూ నేను చూసిన బాణసంచా అంతా మెడ నొప్పి పుట్టేలా తలెత్తి చూసిందే. పైనుంచి చూస్తే దానికి పైనా కిందా ఉండవు. చీకట్లో ఎవరో కూర్చుని ముగ్గు వేసి, వేసిన ముగ్గును వాళ్లే తుడిచేస్తున్నట్టు ఉంటుంది. డ్రోనుకు కన్నే గానీ చెవి లేదు కాబట్టి ఆ వీడియోలో చప్పుడు కూడా ఉండదు. మదనపల్లెకు తిరిగొచ్చాక మా స్టూడియో షట్టరు సగం దించుకుని ఆ మూగ పూలను ఎన్నిసార్లు చూసుకున్నానో చెప్పలేను. మా ఆయన టీ తెచ్చి పక్కన పెట్టిపోయేవాడు. అది చల్లారి మీగడ కట్టేది.

ఆ రోజుల్లో నిద్రలో కూడా ఎగిరేదాన్ని. గుర్రంకొండ కోట గోడల మీదుగా, వాల్మీకిపురం టమోటా తోటల మీదుగా, ఎక్కడికి పోతున్నానో తెలియకుండా, తెలుసుకోవాలని కూడా అనిపించకుండా. ఈ సంగతి చెబితే మా అత్త నవ్వేది. "నిద్రలో అయినా ఇంటి పట్టున ఉండవామ్మే?" అనేది. ఆ మాట అనడానికి ఆమెకు ఏ అర్హతా లేదు. మోకాళ్ల నొప్పని ఏడాదంతా మూలుగుతుంది గానీ, చుట్టుపక్కల ఎక్కడ జాతర జరిగినా ఆ నొప్పి ఆ పూటకు సెలవు పెట్టేస్తుంది.

మా ఇద్దరిలో మా ఆయన కింద కెమెరా పట్టుకుంటాడు. డ్రోను నాది. అతని చేతికి రిమోటు ఇస్తే స్కూటరు హ్యాండిల్ తిప్పినట్టు తిప్పుతాడు. ఆ మాట అంటే ఒప్పుకోడు, కానీ రిమోటు మాత్రం ఎప్పుడూ అడగడు.

బాణసంచా దగ్గర డ్రోనుకు ఉండే గండాలు కొన్ని కుప్పంలోనే తెలిశాయి. గుండు పేలితే గాలి ఒక్క తోపు తోస్తుంది. పొగలో చిక్కుకుంటే స్క్రీనంతా తెల్లబడి దిక్కు తెలియదు. ఎగిరే రెక్క వంగిపోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే జనం తలల మీద ఎగరేయకూడదన్నది నియమం. నేను ఆ నియమం తప్పేదాన్ని కాదు. కానీ జనమే డ్రోను కిందికి వస్తారని నాకు ఎవరూ చెప్పలేదు.

అది పుంగనూరు పక్కన ఒక పల్లెలో, గంగమ్మ జాతరలో జరిగింది. ఊరి పెద్దలు వీడియో తీయడానికి పిలిచారు. అత్త కూడా మాతో బయలుదేరింది. తీరా పోయాక ఒక పెద్దాయన కొత్త కోరిక బయటపెట్టాడు.

"అమ్మా, ఊరేగింపులో అమ్మోరి మింద నీ డ్రోనుతో పూలు పోయాల. ఇప్పుడు యాడ సూసినా అదే కదా."

"జనం మీద వద్దప్పా, ప్రమాదం" అన్నాను.

ఎవరికీ కాదని చెప్పలేని మా ఆయన అప్పటికే ఒక సంచీకి దారం కడుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ పూలేవో నీ నెత్తిన పోస్తానని అతని మీద అరిచాను. చివరికి, అమ్మవారి బండి ముందు తాడు పట్టి జనాన్ని దూరంగా నిలబెడితేనే చేస్తానన్నాను. అలాగే నిలబెట్టారు. పొద్దు వాలుతుండగా ఖాళీ చోట దోసెడు చామంతి రేకులు వదిలాను.

ఆ రేకులు నేను వదిలిన చోట పడలేదు. గాలి వాటిని మెల్లగా జనం వైపు తీసుకుపోయింది. ఆడవాళ్లంతా ఒక్కసారిగా కొంగులు చాచారు. మా ప్రాంతంలో అమ్మవారి పూవును నేల మీద పడనివ్వరు, కొంగులో పట్టి ముడి వేసుకుంటారు. మా అత్త కొంగులో రెండో మూడో పడ్డాయి. వాటిని కళ్లకు అద్దుకుని, "పోసింది నా కోడలు" అని ముక్కూ మొహం తెలియని వాళ్లందరికీ చెప్పింది. చెప్పొద్దూ, నాకూ గర్వంగానే అనిపించింది.

సందె చీకటి పడుతుండగా బాణసంచాకు సిద్ధం చేశారు. వీధి చివర, వేరుశనగ పీకేసిన చేనులో ఇనుప గొట్టాలు వరసలుగా పాతారు. కాల్చే అతను కుప్పం వైపు నుంచి వచ్చినవాడు. చేనుకీ వీధికీ మధ్య తాడు కట్టించి, నాకు చోటు చూపించాడు.

"అక్కా, నీ మిషను ఆ వంక మింద నిలుపుకో. జనం ఈ పక్క, నువ్వు ఆ పక్క, నడుమ నేను. ఒకసారి ఒత్తి అంటుకుంటే నిలిపేదానికి కాదు, సూసుకో."

చేను అవతల ఉన్న వంక, చిన్న వాగు, ఎండిపోయి ఉంది. అక్కడ పురుగు కూడా లేదు. ఇంతకన్నా మంచి చోటు ఉండదనుకున్నాను. వీధి చివరి ఇంటి మిద్దె ఎక్కి, మా ఆయన్ని పక్కన పెట్టుకుని, చేను అంచు వెంబడి డ్రోనును చుట్టూ తిప్పి వంక మీద నిలిపాను. ఆకాశం మాగిన నేరేడు రంగుకు తిరిగింది. దూరంగా డ్రోను దీపాలు, ఒకటి ఎర్రగా ఒకటి పచ్చగా, వెలిగి ఆరుతున్నాయి. స్క్రీనులో వీధి, చేను, జనం అన్నీ నీళ్ల అడుగున ఉన్నట్టు మెత్తగా కదులుతున్నాయి. నేను ఆ మిద్దె మీద లేను. పైనే ఉన్నాను.

కింద పొడవాటి ఒత్తి అంటించారు. అదే సమయంలో స్క్రీను అడుగున తాడు ఊగింది.

జనం తాడు కింద దూరి చేనులోకి వస్తున్నారు. మొదట ఏదో కొట్లాట అనుకున్నాను. చూపు దగ్గరికి లాగితే, అందరి మొహాలూ పైకెత్తి ఉన్నాయి. అందరి చేతుల్లో కొంగులు చాచి ఉన్నాయి. పూలు పోసిన డ్రోను మళ్లీ వచ్చింది కాబట్టి మళ్లీ పూలు పోస్తుందనుకున్నారు. గొట్టాల వైపే నడుస్తున్నారు. అందరికన్నా ముందు పసుపుపచ్చ చీర, కుంటుకుంటూ. మా అత్త.

"మ్మా! ఎనక్కి పో!" అని మా ఆయన మిద్దె మీదనుంచి గొంతు చించుకున్నాడు. పలక డప్పుల మోతలో అది ఎవరికీ చేరలేదు. చేనులో కాల్చే అతను రెండు చేతులూ ఊపుతూ పరిగెత్తుతున్నాడు.

ఆ క్షణంలో నాకు ఒక్కటే తోచింది. నేను ఎక్కడ ఉంటే వాళ్లు అక్కడికే వస్తారు. కాబట్టి నేనే వెనక్కి రావాలి. డ్రోనును కిందికి దించి, చేను అంచు మీదుగా వీధి వైపు మెల్లగా తీసుకొచ్చాను. మేతగంప వెంట కోళ్లు తిరిగినట్టు జనమంతా తిరిగారు. ఒక్కొక్కరే తాడు దాటి వీధిలోకి వచ్చారు. ముందు నడిచిన అత్త ఇప్పుడు అందరికన్నా వెనక పడింది. రా అత్తా, రా, రా అని గొణుగుతూనే ఉన్నాను. ఆమె తాడు దాటింది. వెనక చేనులో గుండ్ల తొలి వరస పైకి లేచింది.

చేను ఖాళీ అయింది. కానీ ఇప్పుడు అంతమందీ నా కింద ఉన్నారు.

ఎక్కడిదో ఒక రవ్వ వచ్చి తగిలింది. స్క్రీను ఒక పక్కకు ఒరిగింది. రిమోటు కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఎంత లేపినా డ్రోను లేవడం లేదు, దిగిపోతోంది. స్క్రీను నిండా మొహాలు. పైన పేలే గుండ్ల వెలుగులో ఒకసారి పచ్చగా, ఒకసారి ఎర్రగా మారుతున్నాయి. కొంగులన్నీ విచ్చుకుని ఉన్నాయి. భయంతో చస్తూ కూడా, ఎంత అందంగా ఉందో అనుకున్నాను. నడుమ మా అత్త మొహం పెద్దదవుతోంది. నవ్వుతోంది. పక్కకు జరగదు. గిర్రున తిరిగే ఆ రెక్కలకు వేళ్లను కోసేసే పదునుంది. ఆమె వాటి కిందే చేతులు చాచి నిలబడింది.

రిమోటు పుల్లను బొటనవేలితో ఒక పక్కకు పూర్తిగా తోశాను. అత్త మొహం స్క్రీను దాటి జారిపోయింది. మిద్దె పిట్టగోడ వచ్చింది, కొంచెం ఆకాశం వచ్చింది, ఫట్‌మని చప్పుడైంది. మా మిద్దె మీదే, నీళ్ల డ్రమ్ము పక్కన డ్రోను కాళ్లు విరిగి పడింది. ఇంకా ఒక రెక్క తిరుగుతూనే ఉంది. మా ఆయన తడి గోనెపట్ట తెచ్చి దాని మీద వేశాడు.

మెట్లు ఎలా దిగానో నాకు గుర్తు లేదు. అత్త భుజాలు పట్టుకుని ఊపేశాను.

"నీకు బుద్ధుండాదా అత్తా? అది నీ మింద పడింటే? యాల వచ్చినావు దాని కిందికి?"

పెళ్లయినప్పటినుంచి ఆమె మీద అంత గొంతు లేపింది లేదు. అరుస్తూనే ఏడ్చేశాను. చుట్టూ జనం వింతగా చూశారు. అత్త కొంగు ఇంకా దించలేదు. నేనేదో అడగకూడనిది అడిగినట్టు నా మొహంలోకి చూసింది.

"నా మింద యాల పడతాది మే? పైన ఉండేది నువ్వు కదా. వీళ్లంతా భయపడతాంటే నేనే పిల్చుకోనొచ్చినా. నా కోడలు పట్టుకోనుండాది, ఏం గాదు, రాండి అని."

ఆమె భుజాలు వదిలేశాను. చేతులు వణుకుతున్నాయి. చలేస్తోందనుకుందేమో, చాచి పట్టుకున్న ఆ కొంగును తీసి నా భుజాల చుట్టూ కప్పింది.