మా అత్త చేతికి తిమిరి చేప వైద్యం

మా అత్తకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో తినాల్సి వచ్చిందని గోడవైపు తిరిగి కూర్చుని తినేది. అయినా తనే తినేది. ఇంకొకరి చేత ముద్ద పెట్టించుకోవడమంటే ఆమెకు చావుతో సమానం. వైద్యుడికి చూపించాలంటే కాలవ పడవెక్కి నరసాపురం పోవాలి. మా పల్లెలో ఎవరు పోయారు గనక!

సముద్రంలో వేసిన వలలో అప్పుడప్పుడు తిమిరి చేప పడుతుంది. గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. బతికుండగా ముట్టుకుంటే మోచేతి దాకా జిల్లుమని చెయ్యి తిమ్మిరెక్కుతుంది. అందుకే మావాళ్ళు దాన్ని తెడ్డుతో నెట్టేస్తారు. పడిపోయిన చేతికి అదే మందేమోనని నా బుర్రకు తోచింది. ఒకదాన్ని ఉప్పునీళ్ళ బానలో బతికించి తెచ్చి, అత్త కుడిచెయ్యి అందులో పెట్టించాను. వేళ్ళు ఎగిరిపడ్డాయి!

మళ్ళీ కదలలేదు. ఆ సంగతి మాత్రం వదిలేసి, రేవంతా తిరిగి చెప్పుకున్నాను.

మర్నాడు ఆడవాళ్ళంతా మా వాకిట్లో చేరారు. "ఏంటే, చచ్చిన చేతిని లేపావంట! మా ముసలోడి నడుం కూడా లేపుదూ!" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. నేను పొంగిపోయాను. ఆ పూట వలలో మూడు తిమిర్లు పడ్డాయి. మూడూ బానలో వేశాను.

"వద్దే కోడలా. నిన్నటి దానికే ఇంకా భుజం లాగేస్తంది," అంది అత్త.

"ఏం కాదత్తా. ఇంతమంది వచ్చారు, ఒక్కసారి పెట్టు."

"నా చెయ్యి బాగవ్వాలనా, ఆళ్ళు చూడాలనా?"

 నేను ఆమె కుడి మణికట్టు పట్టుకుని బానలోకి దించేశాను. నాకే భుజం దాకా కొట్టింది. అత్త కేక పెట్టి పీట మీంచి పక్కకు ఒరిగిపోయింది. బాగున్న ఎడమచెయ్యి ఒంటి కింద పడి నలిగింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

కట్టు కట్టించాం గానీ వంకరగా అతుక్కుంది. ముద్ద నోటి దాకా వచ్చేది కాదు. ఇక నేనే కలిపి పెట్టేదాన్ని. నోరు తెరిచేది, నా మొహం చూసేది కాదు.

ఒకరోజు పొరుగూరి నుంచి ఆమె అన్న చూడ్డానికొచ్చాడు. "ఎలా పడ్డావమ్మా?" అని అడిగాడు.

"కాలు జారిందన్నయ్యా," అంది అత్త.

ఆయన నావైపు తిరిగాడు. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, "అవునండి, వాకిలంతా తడిగా ఉంది," అన్నాను.